నర్సయ్య అంకుల్ కుడి పక్క

ఈ పొద్దున డ్యూటీకి వెళ్తే గేటు దగ్గర చెకింగ్‌లో నా ముందున్నాయన బెల్టు తీసి ట్రేలో పెట్టాడు. కొత్త తోలు వాసన గుప్పుమంది. అంతే, నర్సయ్య అంకుల్ గుర్తొచ్చి ముందుకు కదలకుండా అక్కడే నిలబడిపోయాను. వెనకున్నావిడ "ఆర్ యూ ఆల్రైట్, లవ్?" అని అడిగింది. ఏం చెప్పను, బెల్టు చూసి ఏడుపొచ్చిందనా?

లండన్‌లోని హౌన్స్‌లోలో నేను లావణ్యక్క ఇంట్లో పైగది అద్దెకు తీసుకుని ఉంటాను. అంకుల్ ఆమె నాన్న. హైదరాబాద్‌లో పోలీసు ఉద్యోగం, చాలా ఏళ్లు నాయకుల దగ్గర గన్‌మన్. యూనిఫాం ఉండదు. మామూలు చొక్కా, దాని కింద తోలు బెల్టుకు ఎవరికీ కనబడకుండా పిస్టల్. ఆంటీ పోయాక కూతురి దగ్గరికి వచ్చారు. ఒకే ఇంట్లో ఉన్నా తండ్రీకూతుళ్ల మాటలు "తిన్నవా బాపూ", "తిన్న బిడ్డా" దగ్గరే ఆగిపోయేవి. సోఫాలో అంకుల్ ఎప్పుడూ కుడి చివరనే కూర్చునేవారు, అటు పక్కకు ఇంకెవరూ రాకుండా. "నన్ను ఎన్నడూ ఎత్తుకోలే స్వప్నా. ఆడపిల్లనని కావచ్చు" అంది అక్క ఒకసారి గిన్నెలు కడుగుతూ. నేనేమో వాగుడుకాయను, ఆ మాటకు మాత్రం గుడ్డ అందుకుని గిన్నెలు తుడిచాను.

మా గోదాములో పార్సిళ్ల స్కానర్‌ను నడుముకు తగిలించుకుని షిఫ్టంతా తిరగాలి. తుంటి కమిలిపోయి ఒకరోజు కుంటుకుంటూ ఇంటికొచ్చాను.

"ఏమైంది పోరీ, ఎవన్నన్న తన్ని వచ్చినవా?" అన్నారు అంకుల్.

"స్కానర్ అంకుల్! సచ్చిపోతున్న దీంతోని. మీరు తుపాకి ఎట్ల మోసిన్రో చెప్పున్రి, నేర్చుకుంట."

పెద్దగా నవ్వారు. పాత తువ్వాలు తెమ్మని, మడతలు పెట్టి, బెల్టుకు తొడిగేలా మెత్త కుట్టడం మొదలుపెట్టారు. కుడుతూనే చెప్పారు.

"నేను గూడ అన్ని తీర్ల చూసిన. వీపుకు పెట్టుకుంటే జీపుల కూసున్నప్పుడు వెన్నుల గుచ్చేది. కాలికి కట్టుకుంటే కింద కాళ్లు మడిచి సక్లముక్లం కూసొని తినరాకపాయె. సంకల పట్టీ ఏసుకుంటే పైన కోటు ఉండాలె, మన ఎండల కోటు ఎవడేసుకుంటడు? ఆఖరికి కుడి నడుమే సుఖమైంది. మీ ఆంటీ పాత చీర మడిచి గిట్లనే మెత్త కుట్టిచ్చింది. ఇగ బరువే తెలుస్తలేకుండె."

"మరింకేంది, మంచిగనే అయింది కద!"

సూది ఆగిపోయింది.

"మంచిగయిందే తప్పయింది బిడ్డా. తెలుస్తలేదని ఇంటికొచ్చినంక గూడ తియ్యకపోయేటోన్ని. లావణ్యకు అప్పుడు మూడేండ్లు. ఉరికొచ్చి నడుం పట్టుకుంది. చిన్న చెయ్యి, పోయి పిస్టల్ పిడి మీద పడ్డది. నూకేసిన. గడప తాకి గదుమ పగిలింది. అప్పటి సంది కుడి దిక్కు ఎవ్వర్ని రానియ్యలే. ఎడమ దిక్కు రమ్మని పిలిస్తే బిడ్డనే రాలే."

"అక్కకు చెప్పలేదా?"

"ఏమని చెప్పాలె? సుఖంగున్నదని తియ్యలేదు బిడ్డా అనాల్నా?"

నా కడుపులో మాట ఆగదు. ఆ సాయంత్రమే అక్కకు చెప్పేశాను. ఆమె గడ్డం కింద మచ్చను వేలితో తడుముకుంది. "మెట్ల మీద పడ్డవని అమ్మ చెప్పేది. కాని నూకింది నాకు యాదికుంది" అని మెల్లగా మేడెక్కి వెళ్లిపోయింది. తర్వాత కూడా ఆయనతో ఆ ఊసెత్తలేదు. "తిన్నవా బాపూ" కూడా తగ్గిపోయింది. ఉన్నది కూడా నేనే చెడగొట్టానేమో అని నాకు అన్నం సహించలేదు.

చలికాలం మొదట్లో అంకుల్‌కు పక్షవాతం వచ్చింది. కుడి పక్కంతా పడిపోయింది, మాట ముద్దయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక, లేపేటప్పుడు పడిపోయిన వైపే నిలబడాలని ఫిజియో అమ్మాయి చూపించి వెళ్లింది. అక్క కుడివైపుకు రాగానే అంకుల్ కంగారుగా ఎడమ చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇటు... ఇటు రా" అన్నారు, ఎడమ పక్క చూపిస్తూ.

"ఆడ ఏం లేదు బాపూ" అంది అక్క. ఆయన ఎడమ చేతిని పట్టుకుని ఆయన కుడి నడుం మీదనే పెట్టింది. "చూడు. ఏం లేదు. పట్టుకోనియ్యి నన్ను."

ఆయన వేళ్లు కాసేపు అక్కడ వెతికాయి. చొక్కా, దాని కింద ఎముక. మెల్లగా చెయ్యి తీసేశారు. అక్క ఆ నడుం చుట్టూ చెయ్యి వేసి పైకి లేపింది. లేచి నిలబడ్డాక కూడా ఇద్దరూ అడుగు వెయ్యలేదు. ఆయన తల ఆమె భుజం మీద వాలింది. నడిచే ఫ్రేము పట్టుకుని ఎదురుగా నిలబడ్డ నేను, చప్పుడు రాకుండా పెదవి కొరుక్కున్నాను.

చలి తగ్గకముందే అంకుల్ పోయారు. ఆ కాస్త కాలమూ ఆయన కుడి పక్కకు అక్క ఇంకెవరినీ రానివ్వలేదు, నన్ను కూడా.

ఇప్పుడు నన్నెవరైనా విసురుగా పక్కకు తోస్తే, మునుపటిలా వెంటనే నోరు పారేసుకోను. ఆ పక్కన ఏం మోస్తున్నారో అని ఒక్క క్షణం ఆగుతాను. అడుగుతాను కూడా. కొందరు చెబుతారు. చెప్పలేనివాళ్ల దగ్గర, వాళ్లు ఏ పక్క చోటిస్తే ఆ పక్క నిలబడతాను.