పుస్తకానికున్న తాళం

నస్పూర్ హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పేదాన్ని. నలభై ఎనిమిదో ఏట నా చూపు అంచుల నుంచి మూసుకురావడం మొదలైంది. ముందు బల్లలు తగిలేవి, తర్వాత గుమ్మాలు. దీనికి మందు లేదని డాక్టరు మెల్లగా చెప్పాడు. రెండేళ్లలో అక్షరం పూర్తిగా పోయింది. వెలుగూ నీడా మాత్రం మిగిలాయి. స్కూల్లో నన్ను వద్దనలేదు. పాఠాలన్నీ నోటికి వచ్చు కాబట్టి తరగతికి వెళ్తూనే ఉన్నాను. కానీ ఇంటికొచ్చాక చేతులు ఖాళీగా ఉండేవి. చిన్నప్పటి నుంచి పుస్తకం లేని సాయంత్రం నాకు తెలియదు.

మా ఆయన బొగ్గుబావిలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. నన్ను మంచిర్యాల స్టేషన్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే భాయ్ దగ్గరికి తీసుకెళ్లారు. భాయ్ నా ఫోన్‌ను మాట్లాడే ఫోన్‌గా మార్చి, వారం తర్వాత రమ్మన్నాడు. వెళ్తే నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఏ వేలితో ఎక్కడ తడితే ఏం చదువుతుందో ఓపిగ్గా నేర్పాడు.

"మీకెట్లా వచ్చింది భాయ్ ఇదంతా?" అని అడిగాను.

"కండ్లకు రుమాల్ కట్టుకుని నేర్సుకున్న మేడం. రెండు దినాలు మస్తు పరేషానయిన. మీకు చెప్పాలంటే ముందు నాకు రావాలె గద."



కొన్నాళ్లకు గోదావరి ఒడ్డు ఊళ్ల మీద ఒక పెద్ద పుస్తకం వచ్చిందని రేడియోలో విన్నాను. రాసినాయన ఆ ఊళ్లన్నీ కాలినడకన తిరిగాడట. అచ్చు పుస్తకం తెప్పించుకుంటే మా ఆయన రోజూ కొంత చదివేవారు. రెండు పేజీలకే దగ్గు వచ్చేది. బావి దుమ్ము ఆ గొంతులో ఇంకా ఉంది. ఆయన్ని కష్టపెట్టలేక, ఫోన్లో చదివించుకుందామని అదే పుస్తకం ఈబుక్ కూడా కొన్నాను. తెరిస్తే ఫోన్ "పేజీ ఒకటి" అంది. వేలు జరిపితే "పేజీ రెండు" అంది. అంతే. లోపలి అక్షరం ఒక్కటి చదవలేదు.

హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. "ఎవరూ కాపీ చేసుకోకుండా పబ్లిషర్ లాక్ వేయించారు మేడం. ఆ లాక్ వల్ల మీ ఫోన్ చదవలేకపోతోంది. మేం ఏమీ చేయలేం" అంది అటువైపు అమ్మాయి. పబ్లిషరుకు రెండు మెయిళ్లు పెట్టించాను. జవాబు రాలేదు.

మళ్లీ భాయ్ దగ్గరికే వెళ్లాను. అంతా విని, ఫోన్ తిరిగి నా చేతికి ఇచ్చాడు.

"తాళం తీసుడు నాకొస్తది మేడం. కానీ తియ్య."

"కొనుక్కున్న పుస్తకమే కదా భాయ్."

"నాకెరుకే. మీరు దొంగతనం చేసేటోళ్లు కాదు. కానీ మేడం, ఎన్కట నేను మెమరీ కార్డులల్ల సినిమాలు ఎక్కించి అమ్మిన. పోలీసులు పట్టుకపోయిండ్రు. నన్ను విడిపించుకునేతందుకు మా అబ్బా వచ్చి, స్టేషన్ల తల వంచుకుని నిలవడ్డడు. అప్పటి సంది గసొంటి పని ముట్టలే. గీ తాళం తీస్తే చట్టం ఏమంటదో నాకెరుకలేదు. మీకెరుకనా?"

ఇన్నేళ్లు పిల్లలకు పౌరుల హక్కులు చెప్పినదాన్ని. నాకూ తెలియదు. కోపంగానే ఇంటికొచ్చాను. ఆ కోపం భాయ్ మీద కాదని రాత్రి అన్నం దగ్గర తెలిసింది.

నాతో పదో తరగతి దాకా చదివిన స్నేహితురాలు కరీంనగర్‌లో వకీలు. ఆ ఆదివారం బస్సెక్కి వాళ్లింటికి వెళ్లాం. తను చాయ్ పెట్టి, కాపీరైట్ చట్టం పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో ఒక వాక్యం చదవడం, ఆగి మన మాటల్లో చెప్పడం.

"తాళం పగలగొడితే జైలు, జుర్మానా అని ఉన్నది, నిజమే. కానీ ఎట్ల ఉన్నదో ఇను. హక్కులు దెబ్బతియ్యాలన్న ఉద్దేశంతోని పగలగొడితే. ఈ చట్టం వద్దనని పనికోసం తీస్తే నేరం కాదంటున్నది."

"చదువుకోవడం కోసం తీస్తే?"

"అండ్లకే వస్తున్న. చూపు లేనోళ్లు చదువుకునేటట్టు పుస్తకాన్ని వేరే తీరుగ మార్చుకోవచ్చని ఇంకో దగ్గర సాఫ్‌గ రాసిండ్రు. అదీ లాభం కోసం కాదు. అమ్మొద్దు. అందరికీ పంచొద్దు."

"అయితే నేను తీయించుకోవచ్చా?"

"నాకైతే గట్లనే అర్థమైతుంది. కోర్టుల ఎవలన్న వేరే తీరుగ వాదిస్తరా అంటే, నేను మాటియ్యలేను. నువ్వు ఈబుక్ కొన్న కంపెనీ షరతులల్ల వద్దని ఉంటే వాళ్లు నీ అకౌంట్ ఆపొచ్చు. అది వేరే సంగతి. ఇంకోటి. తాళం తీసుట్ల సాయం చేసినాయన ఎవలికి చేసిండో, ఎందుకు చేసిండో రాసిపెట్టుకోవాలె. పేరు, అడ్రస్ అన్ని. అది మరువొద్దు."

అవన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చింది. ఫీజు మాట ఎత్తితే, "నీ సోషల్ నోట్సులు చూసే పదో తరగతి పాసైన, ఊకో" అంది.

భాయ్ ఆ కాగితం మొదట మనసులో చదువుకున్నాడు. తర్వాత నాకు వినిపించేలా పైకి చదివాడు. పక్క దుకాణం నుంచి కొత్త రిజిస్టరు తెప్పించాడు. చూపు లేదని సర్కారు ఇచ్చిన నా సదరం సర్టిఫికెట్ నంబరు, ఇంటి అడ్రసు, పుస్తకం పేరు రాసుకున్నాడు. కలం ఆగింది.

"ఎందుకోసం అన్నకాడ ఏం రాయమంటరు మేడం?"

"చదువుకోవడానికి అని రాయండి."

రాశాడు. నా వేలు పట్టుకుని సంతకం చేసే చోట ఆనించాడు, సంతకం చేశాను. అరగంట తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టాడు. బెరుకుగా గుమ్మం దగ్గరే నిలబడి చదివే పిల్లలా, ఒత్తులు తప్పుగా పలుకుతూ ఫోన్ గొంతు మొదటి వాక్యం చదివింది. నేను ఏడ్చాను. భాయ్ చాయ్ చెప్పడానికి బయటికి వెళ్లాడు. చాయ్ కోసం కాదని మా ఆయన తర్వాత చెప్పారు.

స్కూల్లో ఈ సంగతి తెలిసి నాతో పనిచేసే టీచరు ఒకామె, "మేడం, గా ఫైల్ నాకు జర పంపుండ్రి, నేను గూడ సదువుకుంట" అంది. ఇవ్వలేనన్నాను. కొన్ని రోజులు నాతో ముభావంగా ఉంది. తర్వాత తనే ఆ పుస్తకం కొనుక్కుని, స్టాఫ్‌రూంలో దాని గురించి మాట్లాడటానికి నా పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది.

ఈమధ్య మా వీధిలో షుగర్‌తో చూపు పోయిన ఒక పెద్దమనిషిని భార్య చెయ్యి పట్టుకుని మా ఇంటికి తీసుకొచ్చింది. బ్యారేజీ నీళ్లలో మునిగిపోయిన ఊరు ఆయనది. ఆ ఊరి మీద ఈ పుస్తకంలో ఒక అధ్యాయం ఉందని ఎవరో చెప్పారట. నేను వకీలు స్నేహితురాలికి ఫోన్ చేశాను.

"ఆయనకు ఇయ్యొచ్చు. చూపు లేనోళ్లకు ఇచ్చుడు చట్టంలనే ఉన్నది" అంది.

ఆయన్ని భాయ్ దగ్గరికి తీసుకెళ్లాం. రిజిస్టరులో రెండో పేరు పడింది. భాయ్ ఆయన ఫోన్‌నూ మాట్లాడేలా మార్చి, నా ఫైలే దాన్లోకి ఎక్కించాడు. అక్కడే, దుకాణం బెంచీ మీద కూర్చుని ఆయన ఆ అధ్యాయం విన్నాడు. ఇళ్లు, చేపలు పట్టేవాళ్లు, వరదలో కొట్టుకుపోయిన పడవలు. ఒకచోట ఫోన్ ఆపమన్నాడు.

"మా రేవు పేరు సక్కగ రాసిండు" అన్నాడు భార్యతో. "గా పేరు మనూళ్లోళ్లకు తప్ప ఎవలకెరుకలేదనుకున్న."

ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేసిన చప్పుడు వినపడింది. ఫ్యాన్ శబ్దం ఎక్కువగా ఉందని భాయ్ దాన్ని ఆపేశాడు. చెమటలు కారుతున్నా అందరం అలాగే చివరిదాకా విన్నాం.