క్లోమంలో రాళ్లు

కుట్టు షెడ్డులో పదహారు మిషన్లున్నా, మధ్యాహ్నం చెయ్యి కడుక్కున్న మరుక్షణం మిషను మీదికి వంగేది ఒక్కతే. అందరూ ఆమెను టైలరక్క అనేవారు.

"చూసి నేర్చుకోండి. తిన్నది అరక్కముందే పనిలో పడింది" అని సూపర్‌వైజరు మిగతావాళ్లకు చూపించేవాడు. ఆమె నవ్వి ఊరుకునేది. ముందుకు వంగితే తప్ప తిన్నాక వచ్చే నొప్పికి ఓర్చుకోలేనని చెప్పేది కాదు. అది పొట్ట పైభాగంలో మొదలై, మేకు దిగ్గొట్టినట్టు వీపులోకి దిగేది.

మొదట్లో నెలకోసారి వచ్చేది. తర్వాత వారానికోసారి. చివరికి తిన్నప్పుడల్లా. దాంతో తినడం తగ్గించింది. ఏడాదిలో తన బట్టలకు తనే రెండుసార్లు లోపలికి కుట్లు వేసుకుంది.

"గ్యాసక్కా. టైముకి తినవు, మరేమవుద్ది?" అనేవాడు తమ్ముడు. వాడు వ్యాను నడుపుతాడు. తండ్రి పోయాక వాణ్ణి ఆమే పెంచింది. తండ్రి కూడా నలభై రెండేళ్లకు కడుపునొప్పితోనే పోయాడు. తాగి తాగి పోయాడని వీధంతా తేల్చేసింది. ఆయన చుక్క ముట్టలేదని ఇంట్లోవాళ్లకు తెలుసు. కానీ కుండకు మూకుడు పెట్టగలం గానీ లోకం నోటికి పెట్టగలమా?

ఒకరోజు ఆమె మిషను దగ్గరే కూలబడింది. తమ్ముడు వ్యానులో ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

"మందు అలవాటుందా?" స్కాను చూస్తూ డాక్టరమ్మ అడిగింది.

"లేదండీ."

"ఇంట్లో ఇంకెవరికైనా ఈ నొప్పి ఉందా?"

"మా నాన్నకి ఉండేది" అంది టైలరక్క.

డాక్టరమ్మ రాయడం ఆపింది. "ఇది క్లోమం. తిన్నది అరిగించే రసం ఇక్కడే తయారవుతుంది. అది బయటికొచ్చే గొట్టంలో రాళ్లు చేరాయి. రసం వెనక్కి తన్ని క్లోమం గట్టిపడిపోతోంది. గట్టిపడింది మళ్లీ మెత్తబడదమ్మా."

"మరి వైద్యం?"

"మిగిలింది కాపాడుకోవడమే. తిండితోపాటు అరుగుదల మాత్రలేసుకోవాలి. రాళ్లని బయటినుంచే తరంగాలతో పగలగొట్టి, నోట్లోంచి ట్యూబు దించి, ఆ గొట్టం మూసుకోకుండా లోపల స్టెంటు పెడతాం. దాంతో నొప్పి ఆగకపోతే ఆపరేషను. ఆఖరికి క్లోమం మొత్తం తీసెయ్యడమూ ఉంది. అందాక రానివ్వొద్దు."

స్టెంటు పెట్టాక నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. మూడు నెలలకు వచ్చి మార్పించుకోమన్నారు. అప్పుడే యూనిఫాముల ఆర్డరు వచ్చి పడింది. నొప్పి లేనప్పుడు ఆసుపత్రి ఎందుకు గుర్తొస్తుంది? ఐదో నెలలో ఒళ్లు కాలిపోయే జ్వరం, వణుకు, మళ్లీ ఆ మేకు.

డాక్టరమ్మ తిట్టలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"స్టెంటు మూసుకుపోయింది. ఇక ఆపరేషనే" అంది.

క్లోమం గొట్టాన్ని పొడుగునా తెరిచి పేగుకు కలిపి కుట్టారు. కోలుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఆమె మళ్లీ కడుపునిండా తిని, తిన్నాక నిటారుగా కూర్చుంది. క్లోమం దెబ్బతినడంతో మరుసటి ఏడాది షుగరు వచ్చింది. ఇన్సులిన్ సూది తనే వేసుకోవడం నేర్చుకుంది. సూదులు తనకు కొత్తా ఏమిటని నవ్వింది కూడా.

నవ్వు రానిది ఒక్కటే. రక్తపరీక్షలో ఇది వంశంలో దిగే జబ్బని తేలింది. తమ్ముణ్ణి తీసుకురమ్మని డాక్టరమ్మ మూడుసార్లు చెప్పింది.

"నాకేం, గుండ్రాయిలా ఉన్నా" అనేవాడు వాడు, సిగరెట్టు ముట్టించుకుంటూ.

ఏడాది పైన గడిచాక ఒక పగటిపూట వాడే షెడ్డుకు వచ్చాడు. చొక్కా భుజాల మీదినుంచి జారిపోతోంది.

"ఆ డాక్టరమ్మ ఏయే రోజులుంటుందక్కా?"

ఆమె మిషను ఆపి లేచింది. ఎప్పట్నుంచని అడగలేదు.

ఆసుపత్రిలో స్కాను తెర మీద తమ్ముడి క్లోమంలో తెల్లని చుక్కలు గుట్టగా పోసినట్టున్నాయి. అవేమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నాకంటే చిన్నోడండీ. తొందరగానే వచ్చాం కదా?" అంది.

"వయసులో తొందరగానే వచ్చారమ్మా" అంది డాక్టరమ్మ. "జబ్బులో కాదు."

తమ్ముడు అక్క చెయ్యి పట్టుకున్నాడు. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు తప్ప వాడు అలా పట్టుకోలేదు.