ఆవపిండి పట్టు

ఒషావా శివార్లలో ఒక పాత రైతు ఇల్లు ఉంది. ఇప్పుడది మ్యూజియం. ఆదివారం ఆదివారం నేనక్కడ పాదాల దాకా గౌను వేసుకుని, నెత్తిన తెల్ల టోపీ పెట్టుకుని, పంతొమ్మిదో శతాబ్దపు ఇల్లాళ్ళు ఇంట్లో మందులు ఎలా తయారుచేసుకునేవారో చూడవచ్చిన వాళ్ళకు చేసి చూపిస్తాను. జీతం లేదు. కెనడా వచ్చిన కొత్తలో ఎక్కడ అప్లై చేసినా కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా అని అడిగేవారు. వాలంటీరుగా చేస్తే రెజ్యూమెలో పెట్టుకోవచ్చని ఎవరో అంటే చేరాను.

"ఎక్స్‌పీరియన్స్ అడిగారని మరీ నూట యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోయావేంటోయ్!" అని మా ఆయన పొట్ట పట్టుకుని నవ్వారు.

ఆ ఇంటి ఇల్లాలు రాసుకున్న పుస్తకం నకలు ఒకటి మాకిచ్చారు. చేతుల పగుళ్ళకు బాతు కొవ్వు, తేనెమైనం, గులాబీ నీరు కలిపి కాచిన లేపనం. పళ్ళకు బొగ్గుపొడి. దగ్గుకు ఆవపిండి పట్టు. చదువుతుంటే నాకు గర్వం తన్నుకొచ్చింది. బాతు కొవ్వు తీసేస్తే ఇదంతా మా అమ్మమ్మ వైద్యమే కదా, నాకొకరు నేర్పాలా! అసలే నాకు అన్నీ తెలుసన్న పొగరు. దానికి ఆ టోపీ కూడా తోడైంది.

మరుసటేడు నవంబరులో మా ఆయనకు దగ్గు పట్టుకుంది. మాకు ఫ్యామిలీ డాక్టరు లేరు. లిస్టులో పేరిచ్చి ఎదురుచూస్తున్నాం. ఒక శనివారం పొద్దున ఆయన జాకెట్ వేసుకుంటూ, "వాక్‌ఇన్ క్లినిక్‌కి వెళ్ళి చూపించుకొస్తాను" అన్నారు.

"నాలుగు గంటలు కూర్చుని, నీళ్ళు బాగా తాగండి అనిపించుకుని రావడానికా? ఆ మాటేదో నేనే చెప్తాను, కూర్చోండి" అన్నాను.

ఆయన జిప్పు కిందికి లాగి, జాకెట్ విప్పి, కూర్చున్నారు. ఆ జిప్పు చప్పుడు నా చెవుల్లోంచి పోదు.

పుస్తకంలో ఉన్నట్టే చేశాను. నాలుగు వంతుల గోధుమపిండికి ఒక వంతు ఆవపిండి, గోరువెచ్చని నీళ్ళు, రెండు గుడ్డల మధ్య పరిచి ఛాతీ మీద పట్టు. పొద్దున్నే శొంఠి, మిరియాల కషాయం. "ఏం డాక్టరమ్మా, పేషెంటు దక్కుతాడా?" అనేవారు. "నోరు మూసుకుని పడుకోండి" అనేదాన్ని. వారం తిరిగేసరికి కాస్త నెమ్మదించింది. చూశారా మరి అని ఇండియాకి ఫోన్లు చేసి మావాళ్ళందరికీ చెప్పుకున్నాను. మళ్ళీ మొదలైంది. ఆవపిండి వంతు పెంచాను. చర్మం కమిలి బొబ్బలొచ్చాయి. ఆయన కిక్కురుమనలేదు. మ్యూజియం నుంచి ఇంటికొచ్చి పట్టు వేసిన ఆదివారాలు తొమ్మిది.

పదో ఆదివారం వాష్‌బేసిన్‌లో రక్తం చూశాను.

ఎమర్జెన్సీలో డాక్టరమ్మాయి చాలా చిన్నపిల్ల. దగ్గు ఎన్నాళ్ళుగా ఉంది అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆయన, "టూ వీక్స్" అన్నారు. దుప్పటి కింద నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. చొక్కా పైకెత్తి ఆ మచ్చలేమిటని అడిగితే హీటింగ్ ప్యాడ్ కాలిందన్నారు. జన్మలో అబద్ధమాడడం చేతకాని మనిషి.

ఆ అమ్మాయి బయటికెళ్ళగానే, "ఎందుకలా చెప్పారండీ?" అని నిలదీశాను.

"నిన్నెవరైనా ఒక మాటంటే నేను పడలేను. ఊరుకో" అన్నారు.

ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండాల్సింది, ఊరుకున్నాను.

ఊపిరితిత్తుల్లో వ్యాధి అప్పటికే ముదిరిపోయింది. ఏప్రిల్‌లో పోయారు. స్కార్‌బరో నుంచి, రిచ్‌మండ్ హిల్ నుంచి తెలిసినవాళ్ళంతా అన్నం క్యారేజీలతో వచ్చారు. "రెండు వారాల దగ్గే కదా ఆంటీ, అలా అవుతుందని ఎవరనుకుంటారు? మీరేం చేయగలరు?" అని ఓదార్చారు. ప్రతి ఒక్కరిదీ ఆయన అందరికీ చెప్పిపెట్టిన ఆ రెండు వారాల మాటే. తల ఊపుతూ కూర్చున్నాను. ముందే తీసుకెళ్ళి ఉంటే దక్కేవారా? డాక్టరును అడగాలంటే ముందు నిజం చెప్పాలి. చెప్పలేదు, అడగలేదు. నాకు తెలియదు, ఇక తెలియదు కూడా.

మ్యూజియం మానేద్దామనే అనుకున్నాను. కానీ ఆదివారం మా ఇంట్లో ఒక్కదాన్నే కూర్చోలేక మళ్ళీ వెళ్తున్నాను. ఆవపిండి కలిపేటప్పుడు ముక్కు మండి కళ్ళనీళ్ళొస్తాయి. అందరికీ వస్తాయి కాబట్టి ఎవరూ ఏమీ అడగరు.

పోయిన ఆదివారం పెద్ద వయసు దంపతులు వచ్చారు, ఈ దేశం వాళ్ళే. నేను పిండి కలుపుతుంటే ఆయన దగ్గారు. లోతైన దగ్గు, నాకు తెలిసిన దగ్గు. ఆవిడ ఆయన మఫ్లరు సర్దుతూ, "మా ఇంట్లో నేనే డాక్టర్ని. తేనె, అల్లంతో లాగించేస్తున్నాను" అని నవ్వింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"రెండు వారాలు" అన్నారాయన, వెంటనే.

ఆవిడ చెయ్యి మఫ్లరు మీదే ఆగిపోయింది. నేను గరిటె కింద పెట్టి, నెత్తిమీది టోపీ తీసేశాను.

"నిజంగా ఎన్నాళ్ళ నుంచమ్మా?" అని మళ్ళీ అడిగాను. ఆయన్ని కాదు, ఆవిడని.