గొంగడి మామ మందకు ఎర్రగీత

అప్పట్లో లీడర్ అంటే మార్కాపురం బస్టాండు దగ్గర తెల్ల చొక్కా వేసుకుని, వెనక నలుగురిని తిప్పుకుంటూ, ఎవరు నమస్కారం పెట్టారో ఎవరు పెట్టలేదో లెక్క చూసుకునే మనిషి అని మాత్రమే నాకు తెలుసు. మందుల కంపెనీల్లో కూడా లీడర్లుంటారనీ, వాళ్ళందరికీ ‘జర్నీ’ అనేది ఒకటి ఉంటుందనీ, దాన్ని ఫొటోతో సహా అచ్చు వేస్తారనీ తెలియదు. నాకు తెలిసిన జర్నీ గిద్దలూరు నుంచి మార్కాపురం దాకా మందుల సంచీ కాళ్ళ మధ్య పెట్టుకుని బస్సులో నిలబడి చేసేది. ఈ మధ్య మా కంపెనీ పత్రికలో నా జర్నీ కూడా వేశారు. నేను కోటు వేసుకుని చేతులు కట్టుకుని కిటికీలోంచి భవిష్యత్తును చూస్తున్న ఫొటో. (కోటు స్టూడియో వాళ్ళది. కిటికీ అవతల ఉన్నది కార్లు నిలిపే స్థలం.) అందులో నా మొదటి ఆరు నెలల ఉద్యోగాన్ని ‘క్షేత్రస్థాయిలో రైతులతో మమేకమైన దశ’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ మమేకం ఎట్లా జరిగిందో నాకు తెలుసు, రెండు వందల గొర్రెలకు తెలుసు. పత్రికవాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు.

నేను బీఎస్సీ జువాలజీ చదివి, రెండేళ్ళు ఖాళీగా తిరిగి, చివరికి పశువుల మందులు అమ్మే కంపెనీలో చేరాను. పశువుల మందుల కంపెనీ అంటే ఉద్యోగులకు పెళ్ళి సంబంధాలు రావని కాబోలు, వాళ్ళు పేరు చివర ‘లైఫ్ సైన్సెస్’ అని తగిలించుకున్నారు. నా హోదా టెరిటరీ ఎగ్జిక్యూటివ్. టెరిటరీ అంటే మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి, యర్రగొండపాలెం. ఎగ్జిక్యూటివ్ అంటే ఆ నాలుగు ఊళ్ళకూ బస్సు దొరికితే బస్సులో, దొరక్కపోతే ఎవరి బండి వెనకన్నా కూర్చుని వెళ్ళేవాడు. మా నాయన పలకల ఫ్యాక్టరీలో రాయి కోసేవాడు. ముప్పై ఏళ్ళు ఆ దుమ్ము పీల్చి దగ్గు తెచ్చుకున్న మనిషి. నాకు ఉద్యోగం వచ్చిన వారం చర్చిలో అందరికీ వినపడేటట్టు “మావోడు సైన్సు కంపెనీలో చేరినాడు, ఇంక మా ఇంట్లో ఎవురూ రాయి కొయ్యబల్లేదు” అన్నాడు. ఆ సైన్సు కంపెనీ నన్ను ఆరు నెలలు చూసి, నచ్చితేనే ఖాయం చేస్తుందని ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఖాయం కాకపోతే ఫ్యాక్టరీలో ఆయన పక్కనే ఇంకో రంపం ఖాళీగా ఉందని మాత్రం నాకు బాగా తెలుసు.

ఆరో నెలలో మా రీజినల్ మేనేజర్ హైదరాబాదు నుంచి వచ్చాడు. ఆయన్ను మేం చాటుగా ‘విజన్ సారు’ అనేవాళ్ళం. ఏ మాట మొదలుపెట్టినా విజన్‌తోనే మొదలుపెట్టేవాడు. భోజనం దగ్గర కూడా, “ఈ పప్పు వెనకాల ఒక విజన్ ఉండాలి” అన్నాడని మా కర్నూలు సహోద్యోగి ప్రమాణం చేసి చెప్పాడు. సారు కారు దిగుతూనే నా భుజం మీద చెయ్యి వేసి, “నీ కన్ఫర్మేషన్ ఫైలు నా టేబుల్ మీదే ఉందయ్యా. రేపు నీలో లీడర్ కనపడాలి” అన్నాడు. రేపు అంటే త్రిపురాంతకం దాటాక ఒక పల్లెలో నేను ఏర్పాటు చేసిన నట్టల మందు క్యాంపు. తొలకరి పడి పచ్చిక మొలిస్తే గొర్రెల కడుపులో నట్టలు, అంటే పురుగులు, పడతాయి. మంద మొత్తానికీ ఉచితంగా మందు తాగించి, పని చేసిందని నిరూపిస్తే చుట్టుపక్కల కాపరులందరూ మా మందే కొంటారని ఆశ. అదే నా మొదటి పెద్ద క్యాంపు.

ఆ మంద గొంగడి మామది. ఎండాకాలమైనా వానాకాలమైనా భుజం మీద గొంగడి దించని మనిషి కనక ఆ పేరు. నాకు ఏ చుట్టరికమూ లేదు, కానీ మా వైపు పరిచయమైన రెండో మాటకే ఏదో ఒక వరస కలిపేస్తారు. మొదటిసారి ఆయన దగ్గరికి మందు పట్టుకుని పోయినప్పుడు నన్ను ఎగాదిగా చూసి, “నువ్వు గొర్రెను ఎప్పుడన్నా పట్టుకున్నావా అల్లుడా?” అని అడిగాడు. “పుస్తకంలో చూసినా మామా” అన్నాను. ఆయన నవ్వి, గొర్రెను రెండు మోకాళ్ళ మధ్య ఎట్లా ఇరికించాలో, దవడ పక్క నుంచి వేలు పెట్టి నోరు ఎట్లా తెరవాలో, పొలమారకుండా మందు ఎట్లా దించాలో నేర్పించాడు. మూడేళ్ళ జువాలజీ డిగ్రీలో నాకు ఎవరూ చెప్పని సంగతులవి. (తర్వాత అవే నేను కంపెనీ శిక్షణ పుస్తకంలో రాశాను. కింద నా పేరు ఉంది.)

పొద్దున్నే దొడ్డి దగ్గరికి చేరాం. సారు తెల్లబూట్లతో దిగి, కారు డిక్కీలోంచి ఎర్ర రంగు స్ప్రే డబ్బాలు ఒక అట్టపెట్టెడు తీయించాడు. మందు తాగిన ప్రతి గొర్రె వీపు మీదా ఎర్రగీత గీయాలట. ఎరుపు మా కంపెనీ రంగు. “గొర్రె ఎక్కడ మేస్తే అక్కడ మన బ్రాండ్ మేస్తుందయ్యా. నడిచే హోర్డింగులు!” అన్నాడు. నాకు గొప్ప ఆలోచనలాగే అనిపించింది. మామ ఆ డబ్బాల వైపు చూసి నన్ను పక్కకు పిలిచాడు.

“అయి ఏంది అల్లుడా?”

“మందు తాగినయాటికి గుర్తు మామా. ఈపు మీద గీత.”

“ఎర్రదా? వద్దు నాయనా. ఈ పక్క ఎర్రగీత ఏసినామంటే బేపారికి అమ్మేసినామని. సూసినోళ్ళు మందకు మంద అమ్ముకున్నాడనుకుంటారు. పచ్చదో నీలందో ఏసుకోమని మీ సారుకు చెప్పు.”

బేపారి అంటే జీవాలు కొని మాంసానికి పంపే వ్యాపారి. కొన్న జీవానికి అక్కడికక్కడే వీపు మీద ఎర్రగీత గీసి, బండి వచ్చినప్పుడు ఎక్కించుకుపోతాడు. “అట్లనే మామా” అని ధీమాగా చెప్పి సారు దగ్గరికి పోయాను. “సార్, రంగు సంగతి ఒకటి...” అన్నానో లేదో, ఆయన నల్లకళ్ళద్దాలు తీసి నా వైపు చూశాడు. “ఏం, బ్రాండ్ కలర్ మీద నీకు నమ్మకం లేదా? లీడర్ అనేవాడు సమస్యలు తీసుకురాడు, పరిష్కారాలు తీసుకొస్తాడు” అన్నాడు. నేను తెచ్చింది పరిష్కారమే. పచ్చ రంగు. కానీ ఆ క్షణంలో నా కళ్ళకు ఆయన టేబులూ, దాని మీద నా ఫైలూ, ఫ్యాక్టరీలో ఖాళీగా ఉన్న రంపమూ వరసగా కనపడ్డాయి. “బాగా కనపడుద్ది సార్ అని చెప్పబోతున్నా” అన్నాను. నా జీవితంలో నేను తీసుకున్న మొదటి నాయకత్వ నిర్ణయం అదే.

దొడ్డికి ఒక పక్క మామ గొర్రెను పట్టి ఇస్తుంటే నేను మందు తాగించి వెనక్కి వదిలేవాణ్ణి. వెనక సందులో సారు స్వయంగా నిలబడి, తన వెంట తెచ్చుకున్న ఫొటోగ్రాఫరు వైపు నవ్వుతూ, బయటికి పోయే ప్రతి గొర్రె మీదా బుస్సున ఒక గీత కొట్టేవాడు. మామ వీపు అటు వైపు. నేను చెప్పాననే ఆయన నమ్మకం. నేను మధ్యలో నిలబడి ఇద్దరికీ అడ్డంగా కాస్త లావుగా కనపడే ప్రయత్నం చేశాను. (అప్పట్లో నేను చాలా సన్నం. ఏమీ దాగలేదు కానీ మామ తిరిగి చూడలేదు.) చివరి గొర్రెను నాకు అందించి మామ నడుం పట్టుకుని లేచి తిరిగి చూసేసరికి ఎదుటి గట్టు మీద రెండు వందల తెల్ల జీవాలు, రెండు వందల ఎర్ర గీతలు. ఆయన నన్ను చూశాడు. నేను మందు సీసా మీద చిన్న అక్షరాలు చదవడం మొదలుపెట్టాను.

మంద మేతకు ఊరి పక్కగా పోయింది. అంతే, కబురు మంద కంటే ముందు పోయింది. మిరప తోటలో కూలికి పోయిన మామ భార్య, నేను అత్తా అని పిలిచే మనిషి, చేతిలో కొడవలితోనే వచ్చేసింది. “ఎవుర్ని అడిగి అమ్మినావయ్యా? నా మేనకోడలికి ఇస్తానన్న రెండు పొట్టేళ్ళు కూడా ఉన్నాయే అందులో!” అని ఏడుపు. ఆమె వెనకే మామ తమ్ముళ్ళిద్దరు. మందలో వాళ్ళకీ భాగం ఉంది. “అన్నా, మాకు ఒక మాట చెప్పబల్లేదా?” అని వాళ్ళు. ఊళ్ళో సగం మంది వచ్చి చుట్టూ నిలబడ్డారు. సారు ఆ గుంపు చూసి పులకించిపోయాడు. “చూశావా, ఎట్లా స్పందిస్తున్నారో!” అని నాతో అని, ఒక బండరాయి ఎక్కి, “రైతు సోదరులారా! మీ కళ్ళల్లో నాకు మార్పు కనపడుతోంది!” అని మొదలుపెట్టాడు. సోదరుల కళ్ళల్లో ఏం కనపడుతోందో నాకు తెలుసు.

ఇంతలో మోటార్ సైకిల్ మీద అసలు బేపారి దిగాడు. పదేళ్ళుగా మామ దగ్గర జీవాలు కొనేది ఆయన ఒక్కడే. వేరేవాళ్ళకు అమ్మనని మామ మాట. కాగితం లేదు, సంతకం లేదు, మాటే. ఆయన మందను చూసి, మామను చూసి, “నీ మందలో నేను గాక ఇంకోడు గీత గీసినాడా మామా? ఎవుడిదీ గీత?” అని అడిగాడు. మామ నోరు తెరిచే లోపే బండరాయి మీంచి సారు చెయ్యెత్తి, “మాదే! ఇది మా కంపెనీ గీత! ఈ ఒక్క ఊరే కాదు, వచ్చే ఏడాదికి జిల్లాలో ప్రతి గొర్రె మీదా ఇదే గీత ఉంటుంది!” అన్నాడు. ఆ మాటతో అందరూ ఒక్కసారే అందుకున్నారు. కంపెనీ వాళ్ళు జీవాల వ్యాపారంలోకి కూడా దిగారనీ, జిల్లా మొత్తం కొనేస్తున్నారనీ, ఇంక బేపారులు అడుక్కు తినాల్సిందేననీ. బేపారి బండి వెనక కూర్చుని వచ్చిన అతని తమ్ముడు సారు కారు తాళం లాక్కున్నాడు. సారు రాయి దిగి నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. (ఇందాక చెప్పినట్టు నేను సన్నం.) “ఏమంటున్నారయ్యా వీళ్ళు? నువ్వు వీళ్ళకు ముందే చెప్పలేదా? ఈ రంగు సంగతి నీకు తెలియదా?” అన్నాడు.

అందరూ నా వైపే చూశారు. తెలుసు అంటే, తెలిసీ చెప్పలేదని ఉద్యోగం పోతుంది. తెలియదు అంటే, చెప్పిన మనిషి ఎదురుగానే ఉన్నాడు. మామ నా ముఖం చూశాడు. తర్వాత గొంగడి భుజం మార్చుకుని గట్టిగా అన్నాడు.

“ఆ పిల్లోడిని ఏం అడుగుతారు? ఎర్రదే ఏయమన్నది నేనే. దూరానికి బాగా కనపడతాదని. నాకు ఆ ఇసయం బుర్రకు తట్టలా.”

“నీకు తట్టలేదా!” అంది అత్త కొడవలి కింద పారేసి. “పుట్టినకాడ్నించి జీవాల ఎనకాల తిరిగేటోడివి, నీకు తట్టలేదా?”

“తట్టలా. ముసిలోడినైతిని. అయినా అమ్మేటోడు ఎవుడన్నా నట్టల మందు తాపుతాడా? అట్ల ఆలోచించరే మీరు” అన్నాడు.

బేపారికి ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత అందరికీ వచ్చింది. కుర్రాళ్ళు, ముసలాళ్ళు, తమ్ముళ్ళు, అందరూ మామను చూసి పడీపడీ నవ్వారు. ఎర్రగీత అంటే ఏందో తెలియని కాపరి! ఆ చుట్టుపక్కల పది పల్లెల్లో జీవాల సంగతి అడగాలంటే ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆ మనిషి నెత్తి గోక్కుంటూ, తెలివి తక్కువవాడిలా అందరి నవ్వులకూ తలాడించాడు. నేను కూడా నవ్వాను. నవ్వకపోతే అనుమానం వస్తుందని. అంతకంటే సిగ్గుమాలిన నవ్వు నేను మళ్ళీ ఎప్పుడూ నవ్వలేదు.

నెల తిరక్కుండా నాకు కన్ఫర్మేషన్ లెటరు వచ్చింది. ఎర్రగీతల గొర్రెల ఫొటో హైదరాబాదు మీటింగులో తెర నిండా వేసి, ‘గ్రామీణ మార్కెట్లో బ్రాండ్ గుర్తింపు’ అని చెప్పి విజన్ సారు పైమెట్టుకు పోయాడు. ఆయన వదిలిన కుర్చీ వైపు నేనూ ఒక మెట్టు జరిగాను. లెటరు, అరకిలో మైసూర్‌పాకు పట్టుకుని మామ దగ్గరికి పోయాను. అత్తా, ఆయనా బోరు దగ్గర ఒక్కొక్క గొర్రెనూ సబ్బు పెట్టి రుద్దుతున్నారు. ఎరుపు పోలేదు, గులాబీ రంగుకు దిగింది. ఒక పిల్లాడు అటుగా పోతూ, “ఎర్రగీత తాతా!” అని అరిచి పరిగెత్తాడు. మామ పట్టించుకోలేదు.

“నిలబడిందా అల్లుడా ఉద్యోగం?”

“నిలబడింది మామా.”

“మీ నాయన సంతోషించినాడా?”

“చర్చిలో అందరికీ చెప్పినాడు.”

“సాలు. మందు మాత్రం పని చేసిందిరా, ఒక్కదానికీ కడుపు పారుడు పట్టలా.”

అని తడి చెయ్యి పంచెకు తుడుచుకుని మైసూర్‌పాకు ముక్క తీసుకున్నాడు. క్షమించు మామా అనే మాట గొంతు దాకా వచ్చింది. దానికి బదులు, “వచ్చే ఏడు పచ్చ రంగు పంపిస్తా” అన్నాను. వచ్చే ఏటికి నన్ను విజయవాడకు మార్చారు.

ఇప్పుడు మా కంపెనీలో కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజు క్లాసు నేనే చెప్తాను. అందులో, ‘నిజమైన లీడర్ కిందివాడి తప్పును తన నెత్తిన వేసుకుంటాడు’ అనే భాగం దగ్గర పేర్లు చెప్పకుండా ఈ కథ చెప్తాను. తప్పు చేసిన కుర్రాడొకడు, నలుగురి ఎదుటా నవ్వులపాలై వాడిని కాపాడిన పెద్దమనిషి ఒకడు. ఒకరిద్దరు ఆడపిల్లలు కళ్ళు తుడుచుకుంటారు. చివర ఎవరో ఒకరు లేచి, ఆ పెద్దమనిషి మీరే కదా సార్ అని అడుగుతారు. ప్రతి ఏడాదీ అడుగుతారు. నేను సీసా మీద చిన్న అక్షరాలు చదివిన కుర్రాణ్ణని ఇప్పుడు చెప్తే పోయేదేం లేదు, నన్ను ఖాయం చేయాల్సినవాళ్ళు కూడా ఎవరూ మిగల్లేదు. అయినా నేను వాళ్ళ వైపు చూసి చిన్నగా నవ్వుతాను. వాళ్ళు దాన్ని వినయం అనుకుంటారు.