మేనేజరు గారి జడలో మల్లెలు

మొన్న శుక్రవారం అల్ రయ్యాన్‌లో మా మేనేజరు గారింట్లో నా పరువు ఎలా గంగలో కలిసిందో చెప్తాను, టీ చల్లారేలోపు వినండి. తప్పు నాది కాదు. నాలుగైదు వందల ఏళ్ళ కిందటి తెల్లదొరల కవులది.

మా ఆవిడ సరళని ఇక్కడికి, దోహాకి తెచ్చుకోవాలని మూడేళ్ళుగా నేను పడే పాట్లు మీకు తెలుసుగా. వీసాకి మా మేనేజరు రాఘవయ్య గారి లెటర్ కావాలి. ఉండడానికి ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో డాక్టర్ శేషగిరి గారి ఫ్లాట్‌లో ఖాళీ గది కావాలి. అడిగినప్పుడల్లా ఇద్దరిదీ ఒకటే మాట, "చూద్దాంలేవయ్యా" అని. ఇద్దరికీ పొగడ్తంటే ప్రాణం.

అలాంటి టైములో మా ఆఫీసులో ఇంగ్లీషు కన్సల్టెంట్ బల్ల మీద ఓ లావుపాటి పుస్తకం కనబడింది. రినైసాన్స్ అంటారే, ఆ పునరుజ్జీవన కాలం కవుల గురించి. అచ్చుయంత్రం కొత్తగా వచ్చిన రోజులట. పుస్తకం బయటికి రావాలంటే ఎవరో ఒక ప్రభువుకి అంకితమివ్వాలి. మన దగ్గరా అంతే అనుకోండి. కానీ అక్కడ కొందరు గడుసు పిండాలు ఒకే పుస్తకానికి రెండు మూడు అంకితం పేజీలు వేయించి, ఏ ప్రభువు గుమ్మం ఎక్కితే ఆ ప్రభువు పేరున్న పేజీ పెట్టి కుట్టించేవారట. ఇంత తెలివి నాకిన్నాళ్ళు ఎందుకు రాలేదా అనిపించింది.

నా దగ్గర ఎడారి మీద రాసుకున్న ముప్ఫై కవితలున్నాయి. అంకితం పేజీ సరళ పేరు మీద ఎప్పుడో ట్రేసింగ్ పేపర్ మీద రాసిపెట్టుకున్నాను. బిల్డింగుల ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌ని కదా, మాకు దిద్దుబాటంతా బ్లేడుతోనే. పాత ఇంకు గీకడం, పైన కొత్తది రాయడం, ప్రింట్ తీయడం. దోహాలో రోజుకో బిల్డింగు లేస్తోంది, రోజూ మేం చేసే పని ఇదే. గురువారం మధ్యాహ్నం అందరూ ఇళ్ళకి పోయే హడావుడిలో సరళని గీకేసి రాఘవయ్య గారిని పెట్టాను. లైన్లు గీకి పొగడ్తలు నింపాను. "నీ"లన్నీ "మీ"లు చేశాను. ప్రింట్ తీశాక ఆయన్నీ గీకేసి శేషగిరి గారిని కూర్చోబెట్టాను. అదీ ప్రింట్ తీసి, కవితల ముందు చెరో పేజీ పెట్టి రెండు పుస్తకాలు కుట్టేశాను.

శుక్రవారం పొద్దున్నే డాక్టర్ గారి కాపీ ఆయన చేతిలో పెట్టాను. "నీ పుస్తకావిష్కరణ సభకి రాలేనోయ్, సాయంత్రం డ్యూటీ ఉంది" అన్నారు. నాకు కావలసిందీ అదే.

సాయంత్రం రాఘవయ్య గారింట్లో ఆవిష్కరణ. ఇరవై మంది తెలుగువాళ్ళు, వాళ్ళావిడ వేసిన పకోడీలు. ఆయన రిబ్బన్ విప్పుతున్నారు, తలుపు తీసుకుని డాక్టర్ గారు దిగారు. డ్యూటీ మార్చుకున్నారట. చేతిలో పుస్తకంతో సరాసరి వెళ్ళి ఆయన పక్కనే సోఫాలో కూర్చున్నారు.

రాఘవయ్య గారు గొంతు సవరించుకుని చదివారు. "రాఘవయ్య గారికి. మీరు తలుచుకుంటే ఇసుకైనా చిగురిస్తుంది." చప్పట్లు. "మీ జడలో మల్లెలు..."

ఆగిపోయారు. చెయ్యి మెల్లగా బట్టతల మీదికి వెళ్ళింది.

డాక్టర్ గారు తన పుస్తకం తెరిచి, "రాఘవయ్య గారూ, నా జడలో కూడా ఉన్నాయండీ" అన్నారు.

రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూశారు. మేనేజరు కన్ను పేజీ మూలకి పోయింది. ట్రేసింగ్ గీకినప్పుడల్లా మూలన అది ఎన్నో దిద్దుబాటో చెప్పే రివిజన్ నంబరు వేయకపోతే ఆయనే నన్ను తిడతారు. చెయ్యి అలవాటుగా వేసేసింది.

"నాది రెవ్-1. డాక్టర్ గారిది రెవ్-2. మూర్తీ, మరి రెవ్-0 ఎవరికయ్యా?"

"మా ఆవిడకి సార్" అన్నాను. "చూసి మూడేళ్ళయింది."

వంటింటి గుమ్మంలోంచి రాఘవయ్య గారి ఆవిడ, "ఆ లెటరేదో అతని మొహాన కొట్టండి. మల్లెలు మీ నెత్తిన ఎలాగూ నిలవవు" అన్నారు. ఇల్లంతా ఒకటే నవ్వు. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

శనివారం పొద్దున్నే లెటర్ మీద సంతకం అయింది. ఇకమీదట కవిత్వం రాయనని ఒట్టు వేయించుకుని డాక్టర్ గారు గది ఇచ్చారు. వచ్చే నెల సరళ వస్తోంది. "నా పేరున్న పుస్తకం ఎయిర్‌పోర్టులోనే నా చేతికివ్వాలి" అని ఫోన్లో చెప్పింది.

ఇవాళ ఆ పని మీదే కూర్చున్నాను. ఆ రెండుసార్ల గీకుడికే కాగితం పల్చబడినట్టుంది. మూడోసారి బ్లేడు ఆనించగానే సరళ పేరుండాల్సిన చోట ఇంత చిల్లు పడింది. కొత్త కాగితం మీద రాద్దామా అంటే, గీకేసిన లైన్లు ఒక్కటీ గుర్తు లేవు. గీకడం మర్చిపోయిన ఆ మల్లెల లైనొక్కటే మిగిలింది. దాన్నేమో తను రావడానికి నెల ముందే ఊళ్ళో ఇద్దరు మగాళ్ళకి అంకితమిచ్చేశాను.