మా వాలు దారికి తారుపూత

నా చిన్నప్పుడు వానాకాలం వస్తోందంటే మా ఇంట్లో ఎవరికీ సంతోషం ఉండేది కాదు. ఒడిశాలో మేమున్న రాయగడలో వాన రెండు రోజులు పడి పోయేది కాదు. కొండల మీద ఒకసారి దిగిందంటే నెలల తరబడి అక్కడే తిష్ట వేసేది. మా ఇల్లు ఊరి చివర గుట్ట మీద ఉండేది. కింద రోడ్డు నుంచి మా అరుగు దాకా వాలుగా ఒక దారి. మా నాన్న రైల్వేలో పనిచేసేవాడు, ఆయనకి ఒక గొడుగుంటే సరిపోయేది. మా పెదనాన్నకి మాత్రం ఆ దారి బాగుంటేనే బతుకు.

పెదనాన్నకి రెండు కాళ్ళూ పనిచేసేవి కావు. వయసులో ఉండగా ఘాట్ రోడ్డు పనిలో సూపర్వైజరుగా ఉండేవాడట. దొర్లుకొచ్చిన తారు పీపా కింద పడ్డాడు. పెళ్ళి చేసుకోలేదు, మాతోనే ఉండిపోయాడు. చేతులతో తిప్పే మూడు చక్రాల బండి మీద రోజూ పొద్దున్నే వాలు దిగి, తాలూకా కచేరీ ముందు రేకుల పందిట్లో కూర్చుని, వచ్చినవాళ్ళకి ఒడియాలో అర్జీలు రాసిపెట్టేవాడు. ఒకప్పుడు ఆ వాలంతా ఎర్రమట్టి. వాన పడితే బండి కదిలేది కాదు. బయటికి వెళ్ళాలంటే ఇద్దరు మనుషులు ఆయన్ని కుర్చీతో సహా మోయాలి. అదంటే ఆయనకి చచ్చేంత సిగ్గు. మోయించుకోవడం కంటే ఇంట్లో పడి ఉండటమే నయమని నాలుగు నెలలూ అరుగు మీదే గడిపేవాడు. రోజులు గడిచేకొద్దీ మాట్లాడటం కూడా తగ్గించేసేవాడు. ఆ మౌనం మా అందరికీ బరువుగా ఉండేది.

తరవాత పెద్దరోడ్డు వేసే రోజుల్లో, ఆయన కింద పనిచేసిన పాత కూలీలు వచ్చి ప్రేమ కొద్దీ మా వాలుకి తారు వేసిపెట్టారు. ఆ ఏడాది నుంచి వానల్లో కూడా బండి దిగింది. కానీ తారు శాశ్వతం కాదు కదా. నేను ఐదో తరగతికి వచ్చేసరికి దారంతా నెర్రెలు విచ్చింది. వానలు పడకముందే నెర్రెలు నింపి పైన పూత వెయ్యకపోతే నీళ్ళు లోపలికి దిగి అంతా లేచిపోతుందని పెదనాన్న ఎండాకాలం మొదలైన దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నాడు. ఆ పాత కూలీలు అప్పటికి కాశీపూర్ వైపు పనికి వెళ్ళిపోయారు. అలా ఎదురుచూస్తుండగా వచ్చాడు ఆ కంట్రాక్టరు.

చిన్న లారీలో రెండు పీపాలు, ఇద్దరు పనివాళ్ళు. రోడ్డు పనిలో తారు మిగిలిపోయిందని, ఈ రోజే వాడకపోతే దండగైపోతుందని అన్నాడు. మా తెలుగు మాట చెవిన పడగానే, "మీది ఏ ఊరండి బాబూ? మాది పార్వతీపురం పక్కేనండి" అన్నాడు. ఇంకేం కావాలి? నాన్న ఆఫీసులో ఒడియా, నా బళ్ళో ఒడియా, సంతకి వెళితే కొండవాళ్ళు మాట్లాడే దేశియా. అలాంటి చోట గుమ్మంలో నిలబడి ఎవరైనా మన యాసలో పలకరిస్తే మావాళ్ళు మంచులా కరిగిపోయేవారు. నాయనమ్మ ఇంటిపేరు అడిగి, ఎక్కడెక్కడో తిప్పి చుట్టరికం కలిపేసింది. అతను చప్పున అత్తా అని పిలిచాడు. వెంటనే పీట వాల్చి భోజనం పెట్టారు. పాలు పోసే ఒడియా ఆయన పాలలో రోజూ వేలు ముంచి చూసే మా అమ్మ, ఆ పీపాల వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

పెదనాన్న ఒక్కడే అన్నాడు, పీపా మూత తీసి ఓపాలి చూపించమని. నాయనమ్మ కసిరింది. "మనోణ్ణి అనుమానిస్తావేట్రా? మనింట్లో సెయ్యి కడిగినోడు మోసం సేస్తాడేటి?" ఆయన మూత సంగతి వదిలేశాడు. పనివాళ్ళు దారి ఊడవనైనా ఊడవకుండా దుమ్ము మీదే పోసేశారు. పైన ఇసుక కూడా చల్లలేదు. పెదనాన్న అరుగు మీంచి అంతా చూస్తూనే ఉన్నాడు. సాయంత్రానికి వాలు నిగనిగలాడిపోయింది, మేమంతా మురిసిపోయాం.

కింద రోడ్డు పక్కన ఒక ఒడియా నర్సు ఉండేది. ఉద్యోగం అయిపోయినా పురుళ్ళకి ఆడవాళ్ళు ఆవిడ ఇంటికే వచ్చేవారు. మేం మౌసీ అనేవాళ్ళం. ఆవిడ ఇంటి వాలు కూడా మాలాగే పాడైపోయి ఉంది. మా దారి చూడ్డానికి పైకి వచ్చి, తన వచ్చీరాని తెలుగులో, "ఈ మనిషి భలో, మంచోడు కదా?" అని అడిగింది. "మావోడేనమ్మా" అంది నాయనమ్మ. ఆ ఒక్క మాట చాలింది. ఎల్లుండి పొద్దున్న రమ్మని మౌసీ అతనికి చెప్పి వెళ్ళింది.

మర్నాడంతా పూత జిగురుగానే ఉంది. ఆరడానికి టైము పడుతుందిలే అన్నాడు నాన్న. మధ్యాహ్నం ఆ ఏటి మొదటి వాన కురిసింది. ఆ మరుసటి పొద్దున్న పెదనాన్న ఎప్పటిలాగే బండి ఎక్కాడు. సగం దిగాక చక్రాలు జర్రున జారి బండి బోర్లా పడింది. మోచెయ్యి దోక్కుపోయింది, చొక్కా అంతా నల్లగా అయిపోయింది. పక్కన కాలవలో నీళ్ళ మీద రంగురంగుల నూనె తేలుతోంది. ఆయన వేలు ముంచి వాసన చూసి, లారీల్లో వాడి పారేసిన ఆయిలు కలిపాడని మాత్రం చెప్పాడు. నాన్నా పక్కింటాయనా కలిసి ఆయన్ని పైకి మోసుకొచ్చారు.

అరుగు మీద నిలబడితే మౌసీ ఇల్లు కనబడేది. అక్కడ అప్పటికే లారీ ఆగి ఉంది, పీపా కింద మంట కూడా పెట్టేశారు. నాన్న తల వంచుకుని, "ఊరుకుందాం అన్నయ్యా. మనోడే మనల్ని ముంచేడంటే ఒడియావోళ్ళు నవ్వుతారు" అన్నాడు. నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నాకు భయం వేసింది. అప్పుడు పెదనాన్న, "నన్ను కిందకి మొయ్యండి" అన్నాడు.

మేం కొయ్యబారిపోయాం. నాన్న తేరుకుని, తనే వెళ్ళి చెప్పి వస్తానన్నాడు. "నువ్వేటి సెప్తావు? నీ గొంతు లెగదు. నన్నిలా సూస్తే ఆవిడకి వేరే సెప్పక్కర్లేదు" అన్నాడు పెదనాన్న. అమ్మ ఉతికిన చొక్కా తెస్తే అక్కర్లేదన్నాడు. నన్ను మాత్రం ఒక చెంబెడు నీళ్ళు పట్టుకుని రమ్మన్నాడు.

అలా పేము కుర్చీలో, నల్లటి చొక్కాతో, ఇద్దరు మోస్తుండగా ఆయన ఆ వీధిలోకి దిగాడు. గుమ్మాల్లోకి జనం వచ్చి చూశారు, పిల్లలు నవ్వారు. ఉన్న నిజం చెబుతున్నాను, ఆయన వెనక నడవడానికి నాకు సిగ్గేసింది. మౌసీ ఇంటి ముందు కుర్చీ దింపించి, కాగుతున్న పీపాలో పుల్ల ముంచి తెప్పించి, దానికంటిన తారుని చెంబులో జారవిడిచాడు. మంచి తారైతే నీళ్ళు తగలగానే బిగిసి ఉండ కట్టాలట. ఇది పల్చగా పరుచుకుని రంగులు తేలింది. చూడకుండా మా మనిషేనని మాట ఇచ్చాం, తప్పు మాది, ఇతని చేత వేయించకమ్మా అని ఆయన అందరూ వినేలా ఒడియాలో చెప్పాడు. కంట్రాక్టరు నవ్వబోయి, మనం మనం ఒకటి కదండీ అన్నాడు. "అలా అనుకునే మొన్న ఊరుకున్నాను" అన్నాడు పెదనాన్న. మౌసీ అతనికి గేటు చూపించింది. అతను పీపాలు ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ మాకు కనబడలేదు.

మా దారి ఆ ఏడాదికి బాగుపడలేదు. నూనె పీల్చడానికి ఇసుక పోసి తొక్కించాం గానీ బండి నిలిచేది కాదు. పెదనాన్న ఆ వానాకాలమంతా మళ్ళీ అరుగు మీదే ఉండిపోయాడు. ఒక సాయంత్రం నేను దగ్గర కూర్చుని, అందరూ నవ్వారు కదా, సిగ్గెయ్యలేదా అని అడిగాను. ఆయన అలిసిన గొంతుతో, "ఏసిందే అమ్మీ. ఇంకా ఏస్తంది. సిగ్గు తగ్గేదాకా ఆగితే ఈలోగా ఆవిడ దారి పాడైపోద్ది కదా" అన్నాడు.

నాకిప్పుడు అరవై దాటాయి. నేనూ చాలాసార్లు మోసపోయాను. మోసపోయిన ప్రతిసారీ ఎవరికీ చెప్పుకోకూడదనే అనిపించింది, అయినా పెదనాన్న మాట గుర్తొచ్చి నలుగురికీ చెప్పాను. ధైర్యం ఎప్పుడూ రాలేదు, సిగ్గుపడుతూనే చెప్పాను. ఒక్కసారి మాత్రం ఊరుకున్నాను. మా డాబా కారకుండా పూత వేస్తానని ముంచిన మేస్త్రీ గురించి నా స్నేహితురాలు అడిగింది. అతను మా వైపువాడు, పైగా చదువుకున్నదానివై ఉండి ఎలా మోసపోయావంటుందో అని, పర్వాలేదు బాగానే చేస్తాడన్నాను. ఆవిడ అతన్నే పెట్టుకుంది. ఇప్పుడు వాళ్ళ వంటింట్లో చినుకు పడితే గిన్నెలు పెట్టుకోవాలి. నన్ను ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. వాన పడే రోజున మాత్రం ఆవిడకి ఫోన్ చెయ్యడానికి నాకు చెయ్యి రాదు.