అద్దెకుండేవాళ్ల తరఫు మనిషి

నిన్న గుడివాడలో ఒక ఖాళీ కొట్టు చూడటానికి వెళ్లాను. షట్టరు ఎత్తగానే కొత్త రంగు వాసన గుప్పుమంది. పాతవాళ్లు వెళ్లిపోగానే గోడలకు రంగు వేసేస్తారు. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు రత్నకుమారి గారు గుర్తొస్తారు.

మచిలీపట్నంలో నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆవిడే. ఆవిడ భర్తది వాచీల రిపేరు కొట్టు. ఓనరు పెద్దాయన నోటిమాట మీదే ఏళ్ల తరబడి నడిచింది. ఆయన పోగానే కొడుకులు ఖాళీ చేయించారు. భర్త మళ్లీ ఎక్కడా కొట్టు పెట్టలేదు. ఇంట్లోనే కుంగి కుంగి కన్నుమూశారు. ఆ తర్వాత ఆవిడ తమ్ముడు శ్రీధర్‌ను కలుపుకుని చిన్న ఆఫీసు తెరిచారు. కొట్లు అద్దెకు తీసుకునేవాళ్ల తరఫున మాత్రమే ఓనర్లతో మాట్లాడతారు. ఓనర్ల దగ్గర కమీషను ముట్టరు. మొదట్లో జనం నవ్వారు. తర్వాత అవనిగడ్డ నుంచి కూడా వెతుక్కుంటూ వచ్చారు.

నేను చేరిన కొత్తలో, మోపిదేవిలో ఒక ఫ్యాన్సీ కొట్టు మాట్లాడటానికి వెంట తీసుకెళ్లారు. మూడేళ్లదాకా ఖాళీ చేయించనని రాసివ్వమన్నారు. ఓనరు నొచ్చుకున్నాడు.

"నా మాట మీద నమ్మకం లేదాండీ?"

"మీ మీద ఉందండీ. మీ తర్వాత వచ్చేవాళ్లెవరో నాకు తెలియదు కదా."

ఆయన కాగితం దగ్గరికి లాక్కుని సంతకం పెట్టాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆవిడ కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు.

కొన్నేళ్లకు ఒక పెద్ద బట్టల కంపెనీ మచిలీపట్నంలో షోరూమ్ కోసం మా దగ్గరికే వచ్చింది. వాళ్లకు నచ్చిన కాంప్లెక్సులో ఉన్నవన్నీ మేము ఇప్పించిన కొట్లే.

"వాళ్లూ అద్దెకొచ్చేవాళ్లేగా అక్కా" అన్నాడు శ్రీధర్.

"అవున్రా. కానీ అక్కడ మనం కూర్చోబెట్టినవాళ్లున్నారు."

అతను వినకుండా కంపెనీ పని ఒప్పుకున్నాడు, కాంప్లెక్సు ఓనరునూ ఒప్పించాడు. అగ్రిమెంట్ల గడువు ముగియగానే, మా సంస్థ పేరు మీదే నోటీసులు వెళ్లాయి. ఆవిడ ఓనరును ఎంత బతిమాలినా లాభం లేకపోయింది. ఖాళీ చేసే రోజున ఆ కాంప్లెక్సులోని టైలరు సుభానీ గారి బట్టల మూటలు ఆవిడే మోసి ఆటోలో పెట్టారు. "నోటీసు మీద మీ పేరు చూసి, మనకేం ఇబ్బంది ఉండదులే అనుకున్నానమ్మా" అన్నారాయన, కోపం లేకుండా. ఆవిడ చేతులు జోడించారు. మర్నాటి నుంచి ఆఫీసుకు రాలేదు.

ఆవిడ మంచం పట్టాక చూడటానికి వెళ్తే, "సుభానీ గారికి చోటు దొరికిందా అమ్మాయ్?" అని అడిగారు. వెతుకుతున్నానన్నాను. దొరికేసరికి ఆవిడ లేరు. ఆ కొత్త కొట్టు తాళంచెవి పట్టుకుని వెళ్తే, "ఇక ఓపిక లేదమ్మా, మిషను అమ్మేశాను" అన్నారు సుభానీ గారు.

ఇప్పుడు నేనూ అద్దెకుండేవాళ్ల తరఫునే పని చేస్తున్నాను. ఎవరైనా ఫలానా కొట్టు కావాలంటే, "ఇప్పుడందులో ఉన్నవాళ్లు ఎక్కడికి వెళ్తారండీ?" అని ముందే అడుగుతాను. కొందరు విసుక్కుని వేరేవాళ్ల దగ్గరికి వెళ్లిపోతారు. వెళ్లనిస్తాను.